సంత కూడలిలో నిలబడ్డవాడు

హెస్టర్ గ్రాటన్ తండ్రి సమాధి రాళ్లు చెక్కేవాడు. థార్న్‌క్లఫ్‌లో ఎవరు కన్నుమూసినా ఇంటివాళ్లు ఆఖరికి ఆయన యార్డుకి రావాల్సిందే. ఆయనకి మగపిల్లలు లేరు. ఉలి పట్టడం కూతురికే నేర్పాడు. ఊరంతా నవ్వింది. పదహారేళ్లకే ఆ పిల్ల తండ్రికంటే సొంపుగా అక్షరాలు కొయ్యడం చూశాక నవ్వడం మానేసింది. తర్వాత ఆమె లండన్ వెళ్లి శిల్పం చదువుకుంది. అక్కడి ప్రదర్శనల్లో ఆమె బొమ్మలు పెట్టారు, పత్రికల్లో రాశారు. రాసిన ప్రతివాడూ 'ఆడదాని చేతిలో ఇంత బలమా' అనే మొదలుపెట్టేవాడని చెప్పి హెస్టర్ నవ్వేది. జర్మనీతో యుద్ధం మధ్యలో తండ్రి ఊపిరితిత్తులు పాడై మంచం పడితే తిరిగి వచ్చేసింది. ఆయన పోయాక ఇల్లు, యార్డు, సగం చెక్కిన రాళ్లు ఆమెకి మిగిలాయి.

నేను ఆ ఊరి బడికి టీచరుగా వచ్చి ఆమె ఇంట్లో మేడ మీది గది అద్దెకి తీసుకున్నాను. ఒక్క ఏడాదికని వచ్చినదాన్ని మళ్లీ ఆ ఇంట్లోంచి కదల్లేదు. నా పేరు ఎలెన్ టాఫ్ట్. ఇందులో నేను చేసిందేమీ లేదు. చూశాను, విన్నాను, టీ పెట్టాను.

హెస్టర్ పొడుగ్గా, వెడల్పు భుజాలతో ఉండేది. జుట్టు మగవాడిలా కత్తిరించుకుని తలకి గుడ్డ కట్టుకునేది. ఎంత కడుక్కున్నా కనుబొమల్లో రాతిపొడి ఉండేది. ఆ ఇంట్లో రొట్టె నమిలినా పంటి కింద కరకరలాడేది. తండ్రికి వచ్చిన దగ్గే ఆమెకీ అప్పటికే మొదలైంది. ఆ మాటెత్తితే, "పొగతాగేవాళ్లకి దగ్గు రాదా ఏంటి?" అనేది. ఆమె పొగ తాగేది కాదు.

యుద్ధం ముగిసింది. మా ఊళ్లో పడుచువాడు పోని వీధి లేదు. జ్ఞాపకంగా సంత కూడలిలో ఒక విగ్రహం నిలబెట్టాలని పెద్దలు కమిటీ వేశారు. ఆ కమిటీకి పెద్ద, నూలుమిల్లు యజమాని మిస్టర్ హీత్‌కోట్. ఆయన ఒక్కగానొక్క కొడుకూ ఫ్రాన్స్‌లోనే పోయాడు. రాయి మన కొండదే కావాలి, చెయ్యి మన ఊరిదే కావాలి అని ఆయన పట్టుబట్టి ఆ పని హెస్టర్‌కి ఇప్పించాడు.

పీఠం మీద చనిపోయినవాళ్ల పేర్లు చెక్కాలి. అందులో ఒక పేరు ఉండదని కమిటీ కూర్చోకముందే అందరికీ తెలుసు. ఆమోస్ ఫెర్న్. అతను మా ఊరివాడే, ఫ్రాన్స్‌లోనే చనిపోయాడు. అయితే శత్రువు చేతిలో కాదు. దాడి జరుగుతున్నప్పుడు దళాన్ని విడిచి వెనక్కి వెళ్లిపోయాడని విచారణ జరిపి, ఒక తెల్లవారుజామున సొంత సైన్యమే స్తంభానికి కట్టి కాల్చేసింది. ఆ కబురు తెలిసిన రోజు నుంచి అతని తల్లి మార్తా ఫెర్న్ గడప దాటలేదు. చర్చికి రాలేదు, సంతకి రాలేదు. ఏం కావాలన్నా చిన్నకొడుకు రూబెన్ తెచ్చిపెట్టేవాడు.

రూబెన్ అన్నకంటే ఏడాది చిన్న. క్వారీలో పని. కుర్రతనంలోనే క్రేన్ గొలుసులో పడి ఎడమచేతికి రెండు వేళ్లు పోయాయి. అందుకే సైన్యంలోకి తీసుకోలేదు. విగ్రహానికి ఎంచుకున్న రాయిని బండిలో యార్డుకి దింపడానికి వచ్చినవాళ్లలో అతనూ ఉన్నాడు. పని అయ్యాక బకెట్టు ఎత్తి నీళ్లు తాగుతుంటే హెస్టర్ చేతిలో పని ఆపి చూసింది.

"ఆ మెడ చూశావా, ఎలెన్," అంది నాతో. "ఈ ఊళ్లో అన్నీ సరిగ్గా ఉన్న మగాడు ఒక్కడూ మిగల్లేదనుకున్నాను."

ఆమె వెళ్లి అడిగితే రూబెన్ ముందు ఎగతాళి అనుకున్నాడు.

"సైనికుడిగానా? నేనా? మా ఇంటిపేరు తెలిసే అడుగుతున్నారా, మిస్?"

"నాకు కావాల్సింది ఇంటిపేరు కాదు. భుజాలు, మెడ, నిలబడే ఓపిక."

అతను చాలాసేపు టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఎవరికీ చెప్పకూడదు. ఫెర్న్ వాళ్ల కుర్రాడు ఆడమనిషి ముందు సోల్జరు వేషం కట్టాడని తెలిస్తే క్వారీలో నన్ను బతకనివ్వరు. మా అమ్మకి కూడా తెలియకూడదు."

హెస్టర్ మాట ఇచ్చింది. శనివారం మధ్యాహ్నాలు, వేసవి సాయంత్రాలు రూబెన్ వచ్చేవాడు. యార్డులో రాళ్లు జరపడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పేవాడు. ఎవరిదో పాత సైనిక కోటు హెస్టర్ సంపాదించింది. మొదటిసారి అది తొడుక్కున్నప్పుడు అతను గుండీలు పెట్టుకోలేకపోయాడు. వేళ్లు తక్కువై కాదు. నేనే వెళ్లి పెట్టాను.

విజయగర్వంతో తుపాకి ఎత్తినవాణ్ణి చెక్కడం ఆమెకి ఇష్టం లేదు. నడిచి నడిచి అలిసి, తుపాకి తలకిందులుగా నేలకి ఆనించి, పైకి వచ్చిన దాని కర్రపిడి మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డవాడు. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు తల కాస్త ఎత్తాడు. చిన్న నమూనా చేసి చూపిస్తే కమిటీ ఒప్పుకుంది. ముఖం మాత్రం అప్పటికింకా మట్టిముద్దే.

"ఇలా కదలకుండా నిలబడితే క్వారీలో జీతం కోసేస్తారు, మిస్," అనేవాడు రూబెన్.

"ఇక్కడ కదిలితే కోస్తా."

"మాట్లాడొచ్చా?"

"గడ్డం కదలకుండా మాట్లాడగలిగితే."

అతను అలాగే పెదాలు కదపకుండా మాట్లాడి మమ్మల్ని నవ్వించేవాడు. అతని అన్నని మేమిద్దరం ఎరగం. ఆమోస్ పెరిగి మనిషయ్యేసరికి హెస్టర్ లండన్‌లో ఉంది, నేను అసలు ఈ ఊరే రాలేదు. పోలికలు ఉండేవని మాత్రం రూబెన్ ఒకసారి అన్నాడు. అన్నదమ్ములకి ఉండేలాంటివేననుకున్నాం.

మట్టిలో ఆమె అతన్ని ఉన్నవాణ్ణి ఉన్నట్టే చేసింది, చేతితో సహా. దాన్ని ప్లాస్టర్‌లో పోతపోసి, ఆ పోత చూసుకుంటూ రాయి చెక్కింది. రాతి చేతికి అయిదు వేళ్లూ పెట్టింది. ఒక శనివారం రూబెన్ అది చూసి దగ్గరికి వెళ్లి తన చేతిని ఆ చేతి మీద పెట్టుకున్నాడు.

"తిరిగి ఇచ్చేశారే," అన్నాడు.

"వద్దంటే తీసేస్తాను."

"ఉండనివ్వండి. ఎక్కడో ఒకచోట ఉండనివ్వండి."

పని ముగిసేసరికి రెండో ఏడు శరత్కాలం వచ్చింది. ఆవిష్కరణ ఆదివారం పెట్టారు. ఊరంతా నల్లబట్టలతో కూడలిలో నిలబడింది. మిస్టర్ హీత్‌కోట్ మాట్లాడబోయి, ఆగి, ఊరికే తాడు లాగాడు. గుడ్డ జారింది.

అందరూ బాగుందనే చూస్తున్నారనుకున్నాను. అప్పుడు ముందు వరసలోంచి మిసెస్ బ్యాగ్‌షా గొంతు వినిపించింది. ఆమె ముగ్గురు కొడుకుల పేర్లూ ఆ పీఠం మీద ఉన్నాయి.

"అది ఆమోస్ ఫెర్న్ కదా," అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆ మాట వరస వెంబడి వరసకి పాకింది. పాస్టరు గబగబా కీర్తన మొదలుపెట్టాడు. సగంమంది పాడలేదు.

ఎవరో పరుగెత్తి మార్తా ఫెర్న్‌కి చెప్పినట్టున్నారు. జనం ఇంకా విడిపోకముందే ఆమె వచ్చింది. వంటింటి ఏప్రన్‌తో, తల మీద టోపీ అయినా లేకుండా, వెలుతురుకి కళ్లు చికిలించుకుంటూ వచ్చింది. జనం తప్పుకుని దారిచ్చారు, గౌరవంతో కాదు. ఆమె పీఠం దగ్గర ఆగి పైకి చూసి, చెయ్యి చాపి రాతి బూటు పట్టుకుంది.

"వచ్చావా, నాన్నా," అంది.

హెస్టర్ ముందుకి అడుగు వేసింది. రూబెన్ ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"మిస్, మీకు దణ్ణం పెడతాను. మా అమ్మ గడప దాటింది. ఇప్పుడేం చెప్పొద్దు."

హెస్టర్ ఆగిపోయింది.

ఆ రోజు నుంచి మార్తా ప్రతి ఉదయం కూడలికి వచ్చేది. కొండ మీద పూసే ఊదారంగు పూలు తెచ్చి పీఠం మీద పెట్టేది. విగ్రహంతో మాట్లాడేది. పక్కింటి కోడిపెట్ట గురించి, చలి గురించి, ఇంటి కప్పు కారడం గురించి. క్వారీకి వెళ్తూ రూబెన్ అటే నడవాలి. "అమ్మా, చలిగా ఉంది, ఇంటికి వెళ్లు," అనేవాడు. "నువ్వెళ్లు, వస్తాలే," అనేది, చూపు తిప్పకుండా.

ఒకనాడు మిసెస్ బ్యాగ్‌షా యార్డుకి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నా ముగ్గురి పేర్లూ వాడి బూట్ల కింద ఉన్నాయి, మిస్ గ్రాటన్."

"తెలుసండీ."

"మా చిన్నవాడు సెలవుకి వచ్చినప్పుడు మళ్లీ వెళ్లనని ఏడ్చాడు. నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. నేనే రైలెక్కించాను. వాడికి భయం లేదనుకుంటున్నారా? పారిపోవాలని లేదనుకుంటున్నారా? వెళ్లాడు. ఉన్నాడు. చచ్చాడు. మీరేమో పారిపోయినవాణ్ణి తెచ్చి వాడి నెత్తిన నిలబెట్టారు."

"అది ఆమోస్ కాదు, మిసెస్ బ్యాగ్‌షా."

"మరెవరు?"

హెస్టర్ నోరు విప్పలేదు.

"చూశారా," అని మిసెస్ బ్యాగ్‌షా వెళ్లిపోయింది. ఆమె వెనకాల తలుపు నేను వేశాను. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు రాలేదు.

చలికాలం ముదిరేకొద్దీ ఊరి కోపం కూడా ముదిరింది. ఒక ఉదయం విగ్రహం ముఖానికి తారు పూసి ఉంది. మార్తా నిచ్చెన అడిగితే ఎవరూ ఇవ్వలేదు. రూబెన్ భుజాల మీదికెక్కి టర్పెంటైను గుడ్డతో తుడిచింది. తల్లి బరువు మోస్తూ రూబెన్ తన ముఖం కిందే తల వంచుకుని నిలబడ్డాడు. వారం తిరక్కుండా మళ్లీ పూశారు. ఆమె మళ్లీ కడిగింది. ఈసారి పిల్లలు మంచు ముద్దల్లో గులకరాళ్లు పెట్టి విసిరారు. నా తరగతి పిల్లలే. ఒకటి ఆమె నుదుటికి తగిలి చర్మం చిట్లింది.

రూబెన్ ఆమెని యార్డుకి తీసుకొస్తే కట్టు కట్టి పంపించాం. తల్లి గుమ్మం దాటాక అతను వెనకాల ఉండిపోయాడు.

"నేను ఇక చెప్పేస్తాను, రూబెన్," అంది హెస్టర్. "ఆమోస్ కాదని తెలిస్తే ఆమె జోలికి రారు."

"చెప్పండి. నన్నడిగితే మాత్రం కాదనే అంటాను."

"ఎందుకు?"

"మా అమ్మ నవ్వడం చూశారా మీరు? ఆ బొమ్మ దగ్గర నవ్వుతుంది. అది ఆమోస్ కాదు, నేనేనన్న రోజు నుంచి మళ్లీ తలుపేసుకుంటుంది. నాకోసం ఎప్పుడూ తలుపు తియ్యలేదు మా అమ్మ."

కమిటీ బడి హాల్లో సమావేశమైంది. ఊరంతా వచ్చింది. నుదుటి మీద కట్టుతో మార్తా వెనక బెంచీ మీద కూర్చుంది. హెస్టర్ లేచి, ఆ విగ్రహానికి ఆమోస్ కాదు, రూబెన్ నిలబడ్డాడని చెప్పింది. రాతి చేతికి అయిదు వేళ్లూ ఉన్నాయే అని గుసగుసలు లేచాయి. మిస్టర్ హీత్‌కోట్ బల్ల మీద తట్టి రూబెన్‌ని పిలిచాడు.

"నిజమేనా, అబ్బాయ్?"

రూబెన్ తల్లి వైపు చూశాడు. ఆమె బెంచీ అంచు పట్టుకుని ముందుకి వంగి ఉంది.

"నేను రాళ్లు మోశానండీ. అంతే," అన్నాడు.

నేను లేచి, నా కళ్లతో చూశానని చెప్పాను.

"మిస్ టాఫ్ట్, మీరు ఆవిడ ఇంట్లోనే ఉంటారు కదా," అన్నాడు హీత్‌కోట్. హాల్లో కొందరు నవ్వారు. నేను కూర్చున్నాను.

ఆయన హెస్టర్ వైపు తిరిగాడు. ఆ గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ వినిపించింది.

"నా కొడుకు ముఖం పెట్టమని నేను అడగొచ్చు, మిస్ గ్రాటన్. మీరు కాదనేవారు కాదు. రోజూ మిల్లుకి పోతూ చూసుకునేవాణ్ణి. అడగలేదు. అందరి బిడ్డా కావాలంటే ఎవరి బిడ్డా కాకూడదనుకున్నాను. మీరేమో ఈ పని చేశారు. చేసి ఇప్పుడు అబద్ధం ఆడుతున్నారు."

ఆ ముఖం చెక్కేసి వేరేది పెట్టాలని తీర్మానించారు. హెస్టర్ చెయ్యనంది. షెఫీల్డ్ నుంచి ఇంకొకర్ని పిలిపిస్తామన్నారు.

ఇంటికి నడుస్తూ నేను ఆగలేకపోయాను. "ప్లాస్టర్ పోత షెడ్డులోనే ఉందిగా. అందర్నీ తీసుకొచ్చి ఆ చెయ్యి చూపిస్తే సరిపోయేది. రెండు వేళ్లు లేని చెయ్యి ఈ ఊళ్లో ఇంకెవరికుంది?"

"వాడు కాదన్నాడు, ఎలెన్. వాళ్లమ్మ ముందు వాణ్ణి అబద్ధాలకోరుని చెయ్యమంటావా?"

"నిన్ను చేశారుగా."

"నాకు అమ్మ లేదు," అంది.

షెఫీల్డ్ మనిషి రావాల్సిన వారానికి ముందు ఆదివారం. చర్చి వదిలారు. మార్తా ఇంట్లోంచి ముక్కాలిపీట తెచ్చుకుని పీఠానికి ఆనుకుని కూర్చుంది. ఎవరొచ్చినా తను లేవనని ముందే అందరికీ చెప్పింది. జనం చుట్టూ మూగారు. ఎవడో, "నీ పిరికి కొడుక్కి కాపలా కాస్తున్నావా? ఆ బుద్ధి వాడికి ఫ్రాన్స్‌లో ఉండాల్సింది," అన్నాడు. నవ్వులు. ఒకడు ఆమె రెక్క పట్టి లేపబోయాడు. పీట ఒరిగి ఆమె రాళ్ల మీద పడింది. ఒక్కరూ లేపలేదు. హెస్టర్, నేను తోసుకుంటూ ముందుకి వెళ్తున్నాం.

మాకంటే ముందు రూబెన్ వచ్చాడు. చేతిలో క్వారీ సుత్తి. జనం చెదిరిపోయారు. వాళ్ల మీదికే వస్తున్నాడనుకున్నారు. అతను ఎవర్నీ చూడలేదు. పీఠమెక్కి, ఎడమచేత్తో రాతి భుజం పట్టుకుని, కుడిచేత్తో సుత్తి ఎత్తి ఆ ముఖం మీద కొట్టాడు. ముక్కు ఎగిరిపోయింది. మళ్లీ కొట్టాడు. దవడ, కనుబొమలు, నుదురు ఒకదాని తర్వాత ఒకటి రాలాయి. మా కొండరాయి అంత సులువుగా పగలదు. అతను పగిలేదాకా కొట్టాడు. కింద మార్తా అరుస్తూ అతని కాళ్లు పట్టి లాగుతోంది.

దిగి వచ్చాక అతని జుట్టు, కనురెప్పలు పొడితో తెల్లబడ్డాయి.

"నా ముఖం," అన్నాడు. "నా ఇష్టం."

ఆ మాట అర్థమైంది మా ఇద్దరికే.

మార్తా నేల మీద నుంచే తలెత్తి చూసింది. "వాణ్ణి మళ్లీ చంపేశావు," అంది. "వాళ్లు ఒకసారి చంపారు. నువ్వొకసారి."

రూబెన్ సుత్తి కింద పెట్టి కానిస్టేబుల్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

తీసెయ్యాలని ఊరు తీర్మానించిన ముఖాన్నే పగలగొట్టినందుకు మేజిస్ట్రేటు అతనికి ఆరు నెలలు కఠినశిక్ష వేశాడు. స్మారకం మీద చెయ్యి చేసుకోవడం చనిపోయినవాళ్ల మీద చెయ్యి చేసుకోవడమేనన్నాడు. తన తరఫున చెప్పేదేమైనా ఉందా అంటే రూబెన్ లేదన్నాడు.

మంచు ఇంకా కరగని రోజుల్లో మార్తా యార్డుకి వచ్చింది. ఆ ముఖం ముక్కలేమైనా ఏరిపెట్టారా అని అడిగింది. హెస్టర్ కాసేపు ఆమెని చూసి, షెడ్డు తాళం తీసి లోపలికి తీసుకెళ్లింది. ప్లాస్టర్ పోత మీది గోనెగుడ్డ లాగేసింది.

మార్తా ముందు ముఖాన్నే చూసింది. చెంప నిమిరింది. భుజం మీదుగా, కోటు చేతి మీదుగా ఆమె చెయ్యి కిందికి జారుతూ వచ్చి అక్కడ ఆగింది. రెండు వేళ్ల మొదళ్లు. ఆ గాయానికి వారాల తరబడి కట్లు మార్చింది ఆమే. అది ఎవరి చెయ్యో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఇది రూబెన్," అంది.

"అవును."

"ముఖం కూడానా?"

"మొత్తం అతనే. మీకు చెప్పొద్దన్నాడు."

ఆమె పక్కనున్న రాతి మీద కూర్చుండిపోయింది.

"పొద్దున్నే వీడికి జావ కాచి పెట్టకుండా అక్కడికి పరుగెత్తేదాన్ని. ఖాళీ కడుపుతో నా పక్కనుంచే క్వారీకి పోయేవాడు. ఇంటికి వెళ్లమనేవాడు. నేను తలైనా తిప్పేదాన్ని కాదు."

నేను టీ తెచ్చాను. ఆమె తాగలేదు.

మార్తా జైలుకి వెళ్లింది, రెండుసార్లు. రూబెన్ చూడ్డానికి బయటికి రాలేదు. విడుదల రోజున హెస్టర్ ఆమెని తీసుకుని వెళ్లింది, నేనూ వెంట ఉన్నాను. గేటు చిన్న తలుపులోంచి అతను తల వంచి బయటికి వచ్చాడు. బట్టలు వదులైపోయాయి. దగ్గుతున్నాడు.

"నిన్ను చూడలేదు రా నేను," అంది తల్లి. "కళ్లెదురుగా పెట్టుకుని నిన్ను చూడలేదు."

"తెలుసమ్మా."

"ఇంటికి రా."

"ఏ ఇంటికి? ఆ ఇంట్లో ఆమోస్ ఉంటున్నాడు. ఇంకొకడికి చోటు లేదు."

కోపంగా అనలేదు. ఆమె తెచ్చిన రొట్టె, జున్ను మూట తీసుకున్నాడు. ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టి స్టేషన్ వైపు నడిచాడు. గ్రిమ్స్‌బీలో చేపల ఓడల్లో పని దొరికిందని తర్వాత కబురొచ్చింది. క్రిస్మస్‌కి కార్డు పంపేవాడు. రాలేదు.

షెఫీల్డ్ మనిషి విగ్రహానికి కొత్త ముఖం అతికించాడు. బట్టల కొట్టు బొమ్మలాంటి నున్నటి ముఖం. వేరే క్వారీ రాయి కావడంతో నాలుగు వానలకే అది నల్లబడింది. ఒళ్లు మాత్రం గోధుమరంగులోనే ఉంది. ఊరికి నచ్చింది. కనీసం ఎవరూ ఏమీ అనలేదు. నవంబరులో మిసెస్ బ్యాగ్‌షా వచ్చి మూడు పూలగుత్తులు పెట్టి వెళ్లేది.

హెస్టర్‌కి ఆ తర్వాత పెద్ద పనులు రాలేదు. ఊళ్లో సమాధి రాళ్లకి కూడా పక్క ఊరికి పోయేవాళ్లు. దూరపు చర్చిల గోడలు బాగుచెయ్యడం, బాప్తిస్మపు తొట్లు చెక్కడం, పేరు తెలియనివాళ్లకి అక్షరాలు కొయ్యడం, వీటితో బతికింది. ఆదివారం భోజనం మాత్రం మార్తాకి ఒక పళ్లెం మూతపెట్టి తీసుకెళ్లేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

ఒక్కసారి తనకోసం మొదలుపెట్టింది. మనిషికంటే పెద్ద రాయిలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్న ముసలామె. మూడు చలికాలాలు చెక్కింది. ఒళ్లంతా పూర్తయింది. దుస్తుల మడతల్లో బరువు కనిపించేది. ముఖం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. రోజూ ఉలి ఆనించేది, తీసేసేది. లండన్ నుంచి ఒక విమర్శకుడు పాత పరిచయంతో వచ్చి చూశాడు. ముఖం లేకుండా వదిలెయ్యడంలో ఎంత ధైర్యముంది, ఎంత ఆధునికత ఉంది అని అరగంట మాట్లాడాడు. హెస్టర్ నవ్వడం మొదలుపెట్టి దగ్గులోకి దిగింది. బల్ల పట్టుకుని ఊపిరి తీసుకున్నాక అంది:

"ధైర్యం కాదండీ. నా చేత కాలేదు."

ఆయన అది వినయమనుకుని అలాగే రాశాడు. బొమ్మని కొనడానికి ఒక మ్యూజియం ముందుకొచ్చింది. పూర్తికాని వస్తువు అమ్మనంది. ఆ వసంతంలోనే దాన్ని ముక్కలు చేయించి గోడకి వాడింది. నేను ఎంతో చెప్పి చూశాను.

తండ్రికి వచ్చిన జబ్బే ఆమెకీ వచ్చింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందని, ఉలి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. మెట్లెక్కలేక వంటింటి పక్క గదికి మారింది.

ఆ స్థితిలో ఉండగా మార్తా పోయింది. రూబెన్ వచ్చాడు. జుట్టు నెరిసి, ముఖం ఉప్పుగాలికి తోలులా అయింది. పూడ్చిన మర్నాడు యార్డుకి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు.

"అమ్మకి రాయి కావాలి, మిస్. వేరే ఎవరైనా చేస్తారంటే వెళ్తాను. మీ పరిస్థితి చూస్తే అడగడానికి..."

"ఏం చెక్కాలి?"

"అమ్మ పేరు. కింద ఆమోస్ పేరు. వాడు ఫ్రాన్స్‌లో ఎక్కడున్నాడో తెలీదు. ఎక్కడా పేరు లేదు వాడికి."

పాస్టరు కొత్తగా వచ్చినవాడు. ఆమోస్ పేరు చెక్కుతున్నామని చర్చి పెద్దలకి చెప్పాలా అని నేనడిగితే, "నన్ను అడిగారని నాకు గుర్తుండదు," అన్నాడు.

హెస్టర్ స్టూలు మీద కూర్చుని చెక్కింది. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య ఊపిరి కోసం ఆగేది. రూబెన్ పక్కనే కూర్చుని తడిగుడ్డతో పొడి తుడుస్తూ ఉన్నాడు. నేను ఆపమని చెప్పడం మానేశాను. ఆమోస్ పేరు పూర్తయ్యాక ఆమె రాయి అడుగుభాగం చూపించింది.

"నీకోసం చోటు వదలనా?"

"వద్దు మిస్. నేను సముద్రంలోనే పోతాను. చేపలకి చదువు రాదు."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. కాసేపటికి అతనే అడిగాడు.

"ఆ రోజు హాల్లో నేనే అని ఒప్పుకుని ఉంటే బాగుండేదంటారా?"

"తెలీదు, రూబెన్."

"నాకూ తెలీదు. ఓడ మీద చాలాసార్లు ఆలోచించాను."

రాయి నిలబెట్టాక అతను వెళ్లిపోయాడు. అదే ఆమె చివరి పని. ఫిబ్రవరిలో, మధ్యాహ్నం పూట, కిటికీ తెరవమని అడిగింది. తెరిచే ఉంది. ఆ మాట చెప్పడానికి నేను వెనక్కి తిరిగేసరికి ప్రాణం పోయింది. ఆమెకి యాభై ఏళ్లు దాటి ఎంతో కాలేదు. తనకి రాయి పెట్టొద్దని ముందే చెప్పింది కాబట్టి పెట్టలేదు.

ఆమె నా పేర రాసిపోయిన యార్డుని బొగ్గు వ్యాపారికి అద్దెకిచ్చాను. ఆమె ఉలులు కొంటామని ఇద్దరు ముగ్గురు వచ్చారు. అమ్మలేదు. వాటితో నువ్వేం చేస్తావని అడిగారు. ఏమీ చెయ్యను. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు నూనె రాస్తాను.